.22 ఖోకాలు ఇంట్లో మళ్లీ నింపొచ్చా అని అడిగిన తమ్ముడికి

మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు అడిగాడు. 50 మీటర్ల ప్రోన్, అంటే బోర్లా పడుకుని .22 రైఫిల్‌తో కొట్టే పోటీ, కొడుతున్నాడు. లైసెన్సు ఉంది, రైఫిల్ సొంతం. దిగుమతి తూటాల ధర వింటేనే గుండె గుభేలుమంటోందట. ఆరు వందల ఖాళీ ఖోకాలు, అంటే తూటా పేలాక మిగిలే ఇత్తడి డొప్పలు, డాల్డా డబ్బాలో దాచిపెట్టాడు. ఎవరో విదేశీయుడు .22 ఖోకాలను వంటింటి బల్ల మీదే మళ్లీ నింపుతున్న వీడియో ఫోన్‌లో చూశాడు. "అన్నా, మనం గూడ నింపుకోవచ్చా? అది గాకపోతే చవక తూటా విప్పి, మందు సరిచేసి మూస్తే పోటీకి పనికొచ్చే మ్యాచ్ తూటా అయితదా? మా బాబాయ్ కంసాలి, బంగారం తూచే కాంటా ఉంది. కనీసం తూచి ఏరుకుంటే ఏమన్న లాభముందా?" చివర్లో ఇంకో మాట కలిపాడు. పేలని తూటాలు మూడు ఇంట్లో ఉన్నాయి, వాటినేం చేయాలి అని.

మొదటిదానికి వద్దు. రెండోదానికి అసలే వద్దు. మూడోది చేసుకో, ప్రమాదం లేదు, కానీ దాంతో పెద్దగా ఒరిగేదీ లేదు. మందు ముట్టకుండా చేసే ప్రయోగాలు మాత్రం .22లో బోలెడున్నాయి. ముప్పై ఏళ్ల కింద ఎన్‌సీసీ క్యాంపులో పాత డీలక్స్ రైఫిల్‌తో మొదలైన పిచ్చి నాది. ఇప్పటికీ ఆదివారం పొద్దున రేంజిలో ఆ పనే చేస్తున్నాను.

ముందు ఖోకా సంగతి. పెద్ద రైఫిళ్ల తూటా చూసే ఉంటావు. అడుగున నట్టనడుమ చిన్న గుండ్రటి ప్రైమర్, అంటే దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే బిళ్ల, ఉంటుంది. పేలాక దాన్ని పొడిచి తీసేసి కొత్తది కూర్చోబెట్టొచ్చు. చట్టం ఒప్పుకునే దేశాల్లో తూటా మళ్లీ నింపడమంటే ఆ రకం గురించే. .22కి విడి ప్రైమర్ లేదు. పల్చటి ఇత్తడి గిన్నె అడుగును మడిస్తే ఏర్పడే బోలు అంచు, అదే రిమ్. తగలగానే అంటుకునే మందును తడిగా ఉన్నప్పుడే గిన్నెలో వేసి, గిన్నెను గిర్రున తిప్పుతారు. ఆ విసురుకు మందు నాలుగు దిక్కులా పాకి మడతలోకి చేరి ఆరిపోతుంది. దాని మీద అసలు మందు, ఆ పైన సీసం గుండు. ఫైరింగ్ పిన్ వచ్చి రిమ్‌ను నలిపితే, రెండు ఇత్తడి గోడల మధ్య నలిగిన మందు అంటుకుంటుంది. చిన్నప్పుడు దీపావళికి రీలు టపాకాయను రాయితో కొట్టినప్పుడు జరిగేది ఇదే.

అంటే తూటా పేలాలంటే దాని అంచు నలగాల్సిందే. నలిగిన చోట ఇత్తడి చచ్చిపోయింది, మడత మూసుకుపోయింది. అక్కడికి కొత్త మందు చేరదు. చేరినా సమంగా పరుచుకోదు. గిన్నె గోడ కూడా ఒకసారి ఉబ్బి ఛాంబర్ (రైఫిల్‌లో తూటా కూర్చునే గది) కొలతకు వచ్చేసింది. అమెరికా పరిశ్రమ ప్రమాణాల ప్రకారం ఈ బుల్లి తూటాలో పీడనం చదరపు అంగుళానికి 24,000 పౌండ్ల దాకా పోవచ్చు. కారు టైరులో ముప్పై ముప్పై ఐదు ఉంటుందని గుర్తుపెట్టుకో. అలసిన ఇత్తడి రిమ్ దగ్గర చిట్లితే ఆ వేడి గాలి వెనక మూసే గడియ, అదే బోల్ట్, సందుల్లోంచి నీ బుగ్గకే వస్తుంది, ప్రోన్‌లో బుగ్గ పెట్టేది అక్కడే కదా.

వీడియోలో వాళ్లు ఏం కూరుతున్నారో నేనిక్కడ రాయను. ఎవరైనా అడిగినా చెప్పను. ఒక్కటి మాత్రం చూసిందే చెప్తాను. మా తొలి రోజుల్లో క్లబ్బులో ఒకాయన, చేతి పని బాగా వచ్చిన మనిషి, పేలని తూటా ఎందుకు పేలలేదో చూద్దామని కటింగ్ ప్లయర్‌తో రిమ్ పట్టుకున్నాడు. అసలు మందు పారబోసేశాడు, ఖాళీదే అనుకున్నాడు. రిమ్‌లో మిగిలింది ఆవగింజంత. అదే టప్పుమంది. ఇత్తడి ముక్క బొటనవేలి గోరు కిందికి దిగబడింది. నల్గొండలో తీయించుకుని, మూడు నెలల దాకా చొక్కా గుండీ పెట్టుకోలేకపోయాడు. గుండు లేదు, మందు లేదు, ఉత్త రిమ్ చేసిన పని అది. కార్ఖానాల్లో దాన్ని తడిగా ఉన్నప్పుడే ముట్టుకునేది ఇందుకే. ఆరితే అది ఎవరి మాటా వినదు.

చట్టం ముచ్చట రెండు మాటల్లో. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీనైనా తూటానైనా తయారు చేయడానికి వేరే లైసెన్సు కావాలి. నీ దగ్గరున్నది కొనుక్కుని దగ్గర ఉంచుకునే లైసెన్సు. ఖోకాలో మందు పోసి గుండు బిగిస్తే దాన్ని తయారీ కాదని వాదించడానికి వకీలు కూడా దొరకడు. 2019 సవరణ తర్వాత 5వ సెక్షన్‌ను దాటి తయారు చేస్తే ఏడేళ్లకు తగ్గని జైలు, యావజ్జీవం దాకా పోవచ్చు. ఆటగాడివి, లైసెన్సు పోతే ఆట పోతుంది. ఆ ఆరు వందల ఖోకాలు క్లబ్బు లెక్కలోవి అయితే అప్పజెప్పేయ్. ఎన్‌సీసీలో ఒక్క ఖోకా తగ్గితే గడ్డిలో మోకాళ్ల మీద వెతికించేవాళ్లు, ఆ అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు. ఇచ్చే ముందు మాత్రం వాటితో చేయాల్సిన పని ఒకటుంది, కిందకి వస్తాను.

రెండో ప్రశ్న, విప్పి సరిచేయడం. ఇది మొదటిదానికంటే అమాయకంగా కనిపిస్తుంది, అందుకే నాకు దీని భయం ఎక్కువ. .22 లాంగ్ రైఫిల్ 1887 నాటిది, అమెరికాలో స్టీవెన్స్ కంపెనీ తెచ్చింది. దాని తాత .22 షార్ట్ 1857 నాటిది. గుండు ఆకారం ఆ కాలపుదే ఇప్పటికీ. గుండు లావు, ఖోకా బయటి లావు ఒకటే. వెనక భాగాన్ని మాత్రం సన్నగా చెక్కినట్టు చేసి ఖోకాలోకి దింపుతారు, దాన్ని మడమ అంటారు. మూతి ఆ మడమను కరిచి పట్టుకుంటుంది. ఆ పట్టు ఎంత గట్టిగా ఉందో, గుండు వదిలే క్షణంలో పీడనం అంత పెరిగి ఉంటుంది. విప్పితే ఆ పట్టు పోతుంది, మెత్తని సీసం మడమ వంకరపోతుంది. చేత్తో మూసినది ఏ రెండూ ఒకలా ఉండవు. ఇక మందు అంటావా, మొత్తం కలిపి గ్రాములో పదో వంతుకు కాస్త అటూ ఇటూ. అందులో రవ్వంత తేడా అంటే శాతంలో చాలా. ఎక్కువైతే ఏమవుతుందో అందరికీ తెలుసు. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు పెద్దవాళ్లు చెప్పే నాటు తుపాకుల కథల్లో వేళ్లు పోగొట్టుకున్న మనిషి ఒకడైనా ఉంటాడు. తక్కువైతే జరిగేది చాలామందికి తెలియదు. గుండు గొట్టం మధ్యలోనే ఆగిపోతుంది. చప్పుడు తుస్సుమంటుంది, పేలలేదేమో అనుకుని ఇంకోటి వేసి కొడతావు. గొట్టం ఉబ్బిపోతుంది. దాంతో ఆ రైఫిల్ పని అయిపోయింది.

కాంటా సంగతికి వస్తే, ఇది నేను చేసి చేతులు కాల్చుకున్నదే. కాల్చుకున్నది చేతులు కూడా కాదు, సమయం. ఒక వర్షాకాలం మూడు వారాలు, రాత్రి అన్నం తిన్నాక ట్యూబ్‌లైట్ కింద కూర్చుని ఐదు వందల తూటాలు తూచాను. ఫ్యాను ఆపాలి, లేకపోతే ముల్లు ఆగదు. చెమటలు. ఇంట్లోవాళ్లు దీన్ని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఒక్కో తూటా 3.3 గ్రాముల చుట్టూ తూగింది, అన్నిటికంటే బరువైనదానికీ తేలికైనదానికీ మధ్య 0.06 గ్రాముల తేడా. ఐదు గుంపులు చేసి డబ్బాలకు రంగులు వేశాను. రేంజికి పోయి కొట్టి చూస్తే ఏ రంగుకీ ఏ తేడా లేదు. ఎప్పుడో ఒకటి, మరీ తేలికైనది కిందికి పోయింది, అంతే.

ఎందుకో తర్వాత బుర్రకెక్కింది. కాంటా చెప్పేది మొత్తం బరువు. అందులో గుండు 2.6 గ్రాములు, ఇత్తడి అర గ్రాముకు పైనే, మైనం పూత కొంత, మందు అన్నిటికంటే తక్కువ. ఇత్తడిలో వచ్చే తేడా ఒక్కటే మందులో వచ్చే తేడాను మింగేస్తుంది. బరువైన తూటాలో మందు ఎక్కువుందా, ఇత్తడి మందంగా ఉందా, మైనం ఎక్కువ అంటిందా, కాంటాకు ఏం తెలుసు? బియ్యం బస్తా తూచి అందులో రాళ్లెన్నో చెప్పమన్నట్టు ఉంటుంది. చవక తూటాల్లో మరీ పనికిరానివి రెండు మూడు ఏరేయడానికి పనికొస్తుంది. మంచి తూటాల్లో ఆ పని కూడా ఉండదు.

రిమ్ మందం కొలిచి ఏరడం ఇంకొకటుంది. .22 ఛాంబర్‌లో తూటా ఆగేది రిమ్ మీదే, అది మిల్లీమీటరుకు అటూ ఇటుగా ఉంటుంది. మందం మారితే పిన్ దెబ్బ మారుతుందని వాదన. వాదనలో తప్పు లేదు. పాత రైఫిల్, వదులు ఛాంబర్ ఉన్నవాళ్లకు కొంత ఫలితం కనిపించవచ్చు. నాకు మ్యాచ్ రైఫిల్‌లో కనిపించలేదు, వదిలేశాను.

ఫలితం కనిపించేది లాట్‌లో, అంటే ఒకే విడతలో తయారైన సరుకులో. పత్తి పెట్టే ఇల్లయితే విత్తనాల సంగతి నీకు చెప్పక్కర్లేదు. అదే కంపెనీ, అదే రకం, ప్యాకెట్ మీద బొమ్మ కూడా అదే, లాట్ నంబరు మారితే మొలక మారుతుంది. తూటాలూ అంతే. ఈలీ కానీ, లాపువా కానీ, ఆర్‌డబ్ల్యూఎస్ కానీ, మన ఖడ్కీ ఫ్యాక్టరీది కానీ, ఒక లాట్ నీ గొట్టానికి పడుతుంది, ఇంకోటి పడదు. నీకు పడింది పక్కవాడి రైఫిల్‌లో చెదిరిపోవచ్చు, రెండు రైఫిళ్లూ ఒకే మోడల్ అయినా సరే. అందుకే పెద్ద ఆటగాళ్లు రైఫిల్ గొట్టాన్ని కంపెనీ వాళ్ల టెస్ట్ రేంజికి మోసుకెళ్తారు. లాపువా వాళ్లకు జర్మనీలోని షోనెబెక్‌లో అలాంటిది ఉంది. గొట్టాన్ని బిగించి, లాట్ తర్వాత లాట్ కొట్టి, పడిన లాట్‌నే సంవత్సరానికి సరిపడా కొనుక్కుంటారు. మనకు అంత దూరం అక్కర్లేదు. క్లబ్బులో నలుగురైదుగురు కలిసి నాలుగు లాట్లు రెండేసి పెట్టెలు తెప్పించుకుంటే పరీక్ష ఇక్కడే అవుతుంది. లైసెన్సులో రాసిన తూటాల పరిమితి దాటకుండా ఎవరి వాటా వాళ్ల పుస్తకంలో ఎక్కాలి, అది మరవకండి.

పరీక్ష ఎలా అన్నదాంట్లోనే అందరూ పప్పులో కాలేస్తారు. నేనూ పదేళ్లు వేశాను. ఐదు తూటాలు కొట్టి, అన్నిటికంటే దూరంగా పడిన రెండు రంధ్రాల మధ్య ఎడం కొలిచి (దాన్నే గ్రూపు అంటాం), ఈ లాట్ 12 మిల్లీమీటర్లు, ఆ లాట్ 17, కాబట్టి ఇదే మంచిదని తీర్పు చెప్పేస్తాం. ఒకే పెట్టెలోంచి తీసిన తూటాలతో ఐదేసి చొప్పున రెండు గ్రూపులు కొట్టినా 12, 17 రావొచ్చు. ఐదు తూటాల గ్రూపులో ముప్పై నలభై శాతం తేడా కేవలం దైవాధీనం. పది తూటాల గ్రూపు కొంత నయం. కానీ అది ఐదు తూటాల గ్రూపుకంటే సగటున పావు వంతు పెద్దదిగానే వస్తుంది, తూటా పాడైందని కంగారు పడకు. ఐదుతో ఐదును, పదితో పదిని పోల్చు. లాట్‌కు నాలుగు పదులు, అంటే నలభై తూటాలు కొట్టందే నేనిప్పుడు నోరు విప్పను.

ఇంకో కిటుకు. ఒక లాట్ మొత్తం కొట్టి, తర్వాత రెండోది కొట్టడం తప్పు. అప్పటికి ఎండ ఎక్కుతుంది, గాలి లేస్తుంది, నీ భుజం అలసిపోతుంది, ఆ పాపమంతా రెండో లాట్ నెత్తిన పడుతుంది. మార్చి మార్చి కొట్టు. బ్రాండ్ మారితే మాత్రం ముందు పదిహేను ఇరవై తూటాలు ఊరికే కొట్టాలి, ఎందుకంటే ఒక్కో కంపెనీ మైనం ఒక్కోలా ఉంటుంది, గొట్టం దానికి అలవాటు పడాలి. కాబట్టి మార్చి మార్చి కొట్టడం ఒకే బ్రాండ్ లాట్ల మధ్యే కుదురుతుంది. తూటాలు ట్రేలో పెట్టే పని వేరేవాళ్లకు ఇవ్వు, ఏ ట్రే ఏ లాటో నీకు చెప్పొద్దను. ఖరీదైన పెట్టె అని తెలిస్తే ట్రిగ్గర్ మీద వేలు మర్యాదగా కదులుతుంది. నాకు అలాగే కదిలేది. మా క్లబ్బులో ఇలా కళ్లకు గంతలు కట్టి చేసిన మొదటి పరీక్షలో, ఏడాదిపాటు పొగిడిన తూటా నాలుగింట మూడో స్థానంలో వచ్చింది. పొగిడింది నేనే.

ఎంత మంచి గ్రూపు కావాలో లెక్క చెప్తాను, దీంతో డబ్బు మిగులుతుంది. 50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పదో వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. రంధ్రం అంచు తాకినా పదే. గుండు వ్యాసం 5.6. కాబట్టి రంధ్రం నడిమి బిందువు టార్గెట్ నడిమి నుంచి 8 మిల్లీమీటర్ల లోపు ఉంటే చాలు, పది. అంటే కేంద్రం నుంచి కేంద్రానికి 16 మిల్లీమీటర్ల గ్రూపు సరిగ్గా నడుమ పడితే అన్నీ పదులే. దశాంశాల్లో లెక్కేస్తే ప్రతి 0.8 మిల్లీమీటరుకు 0.1 పోతుంది. జిల్లా, రాష్ట్ర స్థాయిలో నీ గ్రూపు ఇప్పుడు 25 వస్తోందనుకో, అందులో తూటా వాటా ఎంత? రైఫిల్‌ను ఇసుక సంచుల మీద పెట్టి కొట్టు. అక్కడ 15 వచ్చి, చేతికి చుట్టుకునే పట్టీ, అదే స్లింగ్‌తో 25 వస్తే, ఖరీదైన తూటా కొన్నా నీకు దక్కేది తక్కువే. ఆ డబ్బుతో సాధన తూటాలు ఇంకో ఐదు పెట్టెలు కొనుక్కో.

వేగం లెక్క కూడా అంతే సులువు. స్టాండర్డ్ తూటా సెకనుకు 325, 330 మీటర్ల వేగంతో బయల్దేరి 50 మీటర్లు చేరేసరికి సుమారు 13 సెంటీమీటర్లు కిందికి జారుతుంది. ఒక తూటా వేగం 10 మీటర్లు తగ్గితే ఇంకో 8 మిల్లీమీటర్లు దిగుతుంది. పైన చెప్పిన లెక్కలో అది ఒక పూర్తి పాయింటు. క్లబ్బులో ఎవరి దగ్గరైనా వేగం కొలిచే యంత్రం, క్రోనోగ్రాఫ్, ఉంటే అరువు తీసుకుని ఇరవై తూటాల వేగం రాసుకో. అన్నిటికంటే వేగానిదానికీ నెమ్మదిదానికీ మధ్య 10 మీటర్ల లోపుంటే మంచి తూటా. 20 దాటితే ఆ లాట్ నిలువుగా సాగుతుంది. ఒక మినహాయింపు ఉంది. గొట్టం అదిరే తీరు కలిసొస్తే నెమ్మది తూటా, గొట్టం మూతి కాస్త పైకి చూస్తున్న క్షణంలో బయటపడి ఆ తేడాను కొంత పూడ్చేస్తుంది. కాబట్టి చివరి మాట టార్గెట్ కాగితానిదే, యంత్రానిది కాదు.

హై వెలాసిటీ తూటా గాలిని బాగా చీల్చుకు పోతుందని చాలామంది అనుకుంటారు. ఉల్టా. సెకనుకు 380 మీటర్లతో బయల్దేరిన .22 గుండు ధ్వని వేగానికి పైన ఉంటుంది, అక్కడ గాలి దాన్ని గట్టిగా పట్టుకుని లాగుతుంది. ఎంత త్వరగా వేగం పోగొట్టుకుంటే అడ్డగాలికి అంత ఎక్కువ కొట్టుకుపోతుంది. స్టాండర్డ్ తూటానే సెకనుకు ఒక మీటరు అడ్డగాలికి 50 మీటర్ల దగ్గర ఆరు మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. చెంపకు తగిలీ తగలనట్టుండే గాలి అది. మ్యాచ్ తూటాలన్నీ ధ్వని వేగం కింద ఉండటానికి కారణం ఇదే.

ఇక మన ఎండ. విదేశీ వీడియోల్లో దొరకనిది, నల్గొండలో మాత్రం ఎవరికైనా ఊరికే దొరికే ప్రయోగం ఇది. ఒక ఏప్రిల్ నెలాఖరున గచ్చిబౌలి రేంజికి బయల్దేరాను. నార్కట్‌పల్లి దాటాక చౌటుప్పల్‌లో టీకి ఆగాం. బావమరిది బండి దగ్గరే ఉన్నాడు కానీ తూటాల పెట్టె డాష్‌బోర్డు కింద ఎండ పడేచోట ఉంది, నేను చూసుకోలేదు. రేంజిలో మొదటి పది తూటాలు వారం కిందటి సైటింగ్‌కు ఏడెనిమిది మిల్లీమీటర్లు పైన పడ్డాయి. గురి చూసే సైట్ కదిలిందనుకుని దాన్ని సరిచేసే క్లిక్కులు తిప్పాను. పెట్టె నీడలో చల్లబడేకొద్దీ గ్రూపు కిందికి దిగడం మొదలైంది, మళ్లీ తిప్పాను. మ్యాచ్ మొత్తం తిప్పుతూనే ఉన్నాను. మందు వేడెక్కితే పీడనం, వేగం రెండూ పెరుగుతాయి. మైనం మెత్తబడి దుమ్మును అంటించుకుంటుంది. క్వారీల పక్క రేంజి అయితే ఆ దుమ్ము రాతిపొడి, గొట్టానికి మంచిది కాదు. అప్పటి నుంచి థర్మోకోల్ డబ్బాలో తీసుకెళ్తున్నాను. ఐసు పెట్టకు, చెమ్మ పడుతుంది. ఇంటి లోపలి వేడిమి అలాగే నిలిస్తే చాలు. నీకు నిజంగా ప్రయోగం చేయాలనుంటే ఇది చేసి చూడు. ఒకే లాట్, ఒక ట్రే డిసెంబరు పొద్దున, ఒక ట్రే మే నెలలో, సైట్ కదపకుండా. కాగితాలు దాచుకో. మధ్యలో ధ్వని వేగం కూడా 340 నుంచి 357 దాకా పెరుగుతుంది కానీ స్టాండర్డ్ తూటాకు దాంతో పేచీ లేదు.

ఇప్పుడు ఆ డాల్డా డబ్బా. ఖోకాలను తెల్లకాగితం మీద పోసి భూతద్దం పట్టుకో. పిన్ను గుర్తు అన్నిటి మీదా ఒకే చోట, ఒకే లోతున ఉందా? కొన్నిటి మీద పల్చగా ఉంటే పిన్నును తోసే స్ప్రింగ్ అలసింది, లేదా బోల్ట్‌లో గడ్డకట్టిన నూనె ఉంది. వేగం తేడాలకు, పేలకపోవడానికి సగం కారణం అక్కడే ఉంటుంది, తిట్లు మాత్రం తూటాకు పడతాయి. ఖోకా ఒళ్లంతా మసి పట్టిందంటే పేలినప్పుడు అది ఛాంబర్ గోడకు సరిగ్గా ఆనుకోలేదు. ఛాంబర్ ముందు గట్టి మసి వలయం కట్టి ఉండొచ్చు, శుభ్రం చేయించు. రిమ్ పక్కన చీలికో ఉబ్బో ఒక్కదానిలో కనిపించినా రైఫిల్ ఆపేసి ఆర్మరర్‌కు, అంటే తుపాకులు బాగుచేసేవాడికి, చూపించు. నేను ఒకసారి ఖోకాలు చూసే స్ప్రింగ్ మార్పించాను. అంతకుముందు రెండు నెలలు నాలుగు బ్రాండ్లు మార్చి డబ్బు తగలేశాను. చూడటం అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కో. సీసం కనిపించదు. పిల్లలున్న ఇంట్లో ఆ డబ్బా వంటింటి గూట్లో ఉండకూడదు.

చేతికి ఏదో ఒకటి ఏరి, తూచి, కొలిచే పని కావాల్సిందే అంటే 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్ పెల్లెట్లు పట్టుకో. మందు లేదు, తల కొలతలు 4.49, 4.50, 4.51 అని పెట్టెల మీదే రాసి వస్తాయి. పదిహేను నిమిషాల్లో మూడు కొలతల గ్రూపులు పక్కపక్కన కొట్టుకోవచ్చు. లాట్ పరీక్షలో పైన చెప్పిన తప్పులన్నీ అక్కడ చవకగా చేసి నేర్చుకోవచ్చు. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం తెచ్చింది ఆ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే.

పేలని ఆ మూడింటి సంగతి. ముందుగా అవి ఇంటికి రావడమే తప్పు. పిన్ పడి పేలకపోతే రైఫిల్ టార్గెట్ వైపే ఉంచి ముప్పై సెకన్లు ఆగాలి. ఆలస్యంగా పేలేవి అరుదు, కానీ ఉంటాయి. తర్వాత బోల్ట్ తీసి, తూటా బయటికొచ్చాక గొట్టంలో వెలుతురు కనపడుతోందో లేదో చూడాలి, తూటాను రేంజి అధికారి చేతిలో పెట్టాలి. రిమ్‌లో మందు ఒకవైపు సరిగ్గా పరుచుకోకపోతే ఇలా జరుగుతుంది. అంటే మిగతా వైపు మందు బతికే ఉంది. అది చచ్చిన తూటా కాదు. కాబట్టి పొయ్యిలో వేయకు, పూడ్చకు, బావిలో పారేయకు, ప్లయర్‌తో పట్టుకోకు. మూడింటినీ దూదిలో విడివిడిగా చుట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టు, లాట్ నంబరు చీటీ మీద రాసి అందులోనే వెయ్. కొన్న డీలర్‌కు గానీ క్లబ్బుకు గానీ అప్పగించి, పుస్తకంలో లెక్క రాయించుకో. ఇచ్చే ముందు పిన్ను గుర్తులు ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీసి పంపు. పేలిన ఖోకాలు ఓ పదింటి ఫొటో కూడా పక్కన పెట్టు. గుర్తు లోతు రెండిట్లోనూ ఒకటే ఉంటే లాట్‌ది తప్పు. పల్చగా ఉంటే నీ స్ప్రింగ్‌ది.